బండికి అరవై

బండికి అరవై సంచులు. ఆ అంకె వేసింది నేనే. పైనుంచి ఒత్తిడి వచ్చిందనో, ఎవరో చెబితే రాశాననో చెప్పుకోవచ్చు. ఆ ఎండాకాలం చాలామంది అలాగే చెప్పుకుని చేతులు దులుపుకున్నారు. నేను చెప్పుకోను. నా పెన్నుతో, నా చేత్తో రాశాను. రాసి కింద రెండు గీతలు కూడా గీశాను.

పారిశుధ్య విభాగంలో రూట్లు వేయడం నా ఉద్యోగం. ఏ బండి ఏ వీధికి ఎన్నింటికి వెళ్ళాలి, ఎంత ఎత్తాలి, ఎక్కడ దింపాలి అన్నది నేను కాగితం మీద పెడతాను. ఆ కాగితాన్ని నిజం చేసేది మా అమ్మ. అదే విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా చెత్తబండి మీద లోడింగ్ చేస్తోంది. ఆఫీసు ఆవరణలో ఎదురుపడితే చాలు, "నమస్తే మేడమ్" అని వంగి మరీ దండం పెట్టి అందరి ముందూ నన్ను సిగ్గుతో చంపేది. ఇంటికొచ్చాక మాత్రం, "ఏమే, ఆ సందులోకి లారీ పడుతుందని ఏ కళ్ళతో చూసి రాశావే?" అని చీవాట్లు పెట్టేది.

ఆ జబ్బు ఊళ్ళోకి వచ్చిన మూడో వారం పెద్దసారు నన్ను పిలిచారు. ఆయన మా విభాగానికి పెద్ద. మంచివాడే, కానీ భయపడితే గొంతు పెరుగుతుంది. ఆ వారమంతా ఆయన గొంతు పెరిగే ఉంది.

"ఆస్పత్రుల వెనకాల గదులన్నీ నిండిపోయాయమ్మా. పెద్దాస్పత్రిలో మెట్లకింద కూడా పెడుతున్నారట పసుపు సంచులు. ఎంత తొందరగా ఎత్తితే అంత మంచిది. సాయంత్రానికి నాకు ప్లాను కావాలి."

పసుపు సంచులంటే రోగుల దగ్గర వాడిన మాస్కులు, గౌన్లు, గ్లౌజులు, దూది, ముక్కులో పెట్టిన గొట్టాలు. నిండిన సంచిని రెండు రోజుల్లోపు ఊరవతల బట్టీలో కాల్చి బూడిద చేసెయ్యాలి. దాటితే దాన్ని ఎవరూ ముట్టుకోరు, అదెక్కడుంటే అక్కడే జబ్బు.

కూర్చుని లెక్క వేశాను. ఆస్పత్రులన్నీ కలిపి రోజుకి ఐదు వందల ఇరవై సంచులు. నాకిచ్చిన మూత బళ్ళు మూడు. బట్టీ దూరం కాబట్టి ఒక్కో బండీ రోజుకి మూడు ట్రిప్పులే తిరగగలదు. బండి కాగితాల్లో నలభై సంచులు పడతాయని ఉంది. తొమ్మిది నలభైలు మూడు వందల అరవై. ఎటునుంచి ఎటు వేసినా రోజుకి నూట అరవై సంచులు మిగిలిపోతున్నాయి. ఇవాళ నూట అరవై, రేపు మూడు వందల ఇరవై. మూడో రోజుకి అవి వార్డుల్లోకి వచ్చేస్తాయి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పసుపు బండి మీదకి ఎవరొస్తారని అంతకుముందు రోజే లోడర్లని అడిగారు. అందరికన్నా ముందు చెయ్యెత్తింది మా అమ్మే. ఆ సంగతి తెలిసిన సాయంత్రం ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది.

"నీకు యాభై నాలుగేళ్ళు. కాస్త చల్లగాలి తగిలితే చాలు, గుండెలో పిల్లికూతలు మొదలవుతాయి. నీకెందుకమ్మా ఈ పెత్తనం?"

"మరి ఎవర్ని ఎక్కిస్తావ్? మాతో లోడింగ్ చేసే కళ్ళద్దాలాయన్నా? ఇద్దరు చిన్నపిల్లలు ఆయనకి. నాకేముంది, అన్నీ తీరిపోయినదాన్ని."

"మేం లేమా?"

"మీరున్నారనేగా నా ధైర్యం. రేపు నాకేదైనా అయితే ఏడవడానికి ముగ్గురు మనుషులున్నారు. ఇంకేం కావాలే?" అని పకపకా నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. జాబితా నా టేబుల్ మీదే ఉంది. ఒక్క గీత గీస్తే ఆమె పేరు పోయేది. గీయలేదు. చెప్పినా వినని మనిషి, ఏమైనా చేసుకోనీ అని పంతానికి వదిలేశాను. కన్న కూతుర్నై ఉండి అలా అనుకున్నాను.

ఆ మొదటి రోజు నేను ఆఫీసులో నూట అరవై సంచులు ఎక్కడ పెట్టాలో తెలియక జుట్టు పీక్కుంటుంటే బట్టీ నుంచి ఫోను వచ్చింది. అమ్మ వెళ్ళిన బండి వచ్చింది, అందులో అరవై ఉన్నాయన్నారు.

"నలభయ్యేమో, మళ్ళీ లెక్కపెట్టండి."

"రెండుసార్లు పెట్టామండీ. అరవయ్యే."

తొమ్మిది అరవైలు ఐదు వందల నలభై. నాకు కావలసింది ఐదు వందల ఇరవై. ఎవరో దేవుడు పైనుంచి చెయ్యి చాపినట్టే అనిపించింది. అప్పుడే ఆ అంకె రాశాను, కింద రెండు గీతలు గీశాను. పెద్దసారు చూసి, "శభాష్! నిన్ను నమ్ముకుంటే చాలు" అన్నారు. నలభై పట్టే బండిలో అరవై ఎలా పట్టాయని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

అమ్మ ఆ రోజు నుంచే మేడమీద గదిలోకి మారిపోయింది. మా ఆయన ఫొటోస్టూడియో మూసేసి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి వంట ఆయనదే. గిన్నె మెట్ల మధ్యలో పెట్టి వచ్చేవాడు. అమ్మ దిగి తీసుకుని మళ్ళీ పైమెట్టు మీద కూర్చునేది. మేం ముగ్గురం కిందిమెట్టు దగ్గర. అలా ఆ ఎండాకాలం మా ఇంటి కబుర్లన్నీ మెట్ల మీదే నడిచాయి.

"అమ్మమ్మా, ఇవాళ ఎన్ని?" అని నా ఏడేళ్ళ కూతురు కిందనుంచి అరిచేది.

"మూడు అరవైలు! ఎంతో నువ్వు చెప్పు."

"నూట ఎనభై!"

"నీకున్న బుర్ర మీ అమ్మకుంటే ఎప్పుడో ఆఫీసరయ్యేది. అల్లుడూ, కూరలో ఉప్పు మర్చిపోయావా, దాచిపెట్టావా?"

మా ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ నాకొక గుబులు మిగిలే ఉంది. మిగతా రెండు బళ్ళూ నలభై రెండు, నలభై మూడు దగ్గరే ఆగిపోతున్నాయి. అదే మాట పైకి అన్నాను.

"చేతకాక," అంది అమ్మ. "సంచి పొగరు దించడం రాదు వాళ్ళకి."

ఆ మాట నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఉబ్బిపోయి మొండికేసిన సంచిని దారికి తేవడాన్ని అమ్మా, ఆమెతో పనిచేసేవాళ్ళూ అలాగే అంటారు. మామూలు చెత్తలో అది పెద్ద పనితనం. అమ్మ బండి ఎప్పుడూ రెండు వీధులు ఎక్కువ తిరిగి వచ్చేదంటే దాని వల్లే.

"అయితే వాళ్ళకి నేర్పరాదూ?"

"ఊరికే చెబితే వింటారా? మేడమ్ గారు ఆర్డరు వేస్తే నేర్పిస్తా."

మర్నాడు ఆర్డరు వేశాను. "సంచులు సర్దే విధానంలో అనుభవజ్ఞురాలైన లోడరు సూచనలను తక్షణమే పాటించవలెను" అని రాసి సంతకం పెట్టాను. బట్టీ ఆవరణలో గోడకి నేనే అంటించాను. దాని పక్కనే జాగ్రత్తల కాగితం ఉంది. పదకొండు సూచనలు, అది టైపు చేసిందీ నేనే. తొమ్మిదోది, "సంచులను నొక్కరాదు." పైనుంచి వచ్చింది వచ్చినట్టు కొట్టుకుంటూ పోయాను, అర్థం బుర్రకెక్కలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన అంటించి, వంకర లేకుండా ఉన్నాయా లేదా అని వెనక్కి జరిగి చూసుకున్నాను కూడా.

వారం తిరిగేసరికి మూడు బళ్ళూ అరవై తెచ్చాయి. మెట్లకింద సంచులు మాయమయ్యాయి. పక్క ఊళ్ళవాళ్ళు ఫోను చేసి మీరెలా చేస్తున్నారని అడిగారు. మనుషులు చాలక కళ్ళద్దాలాయన్ని కూడా రెండో బండి ఎక్కించాల్సి వచ్చింది. ఆయన అమ్మకి శిష్యుడైపోయాడని, రెండ్రోజుల్లోనే పని పట్టేశాడని అమ్మ పైమెట్టు మీదనుంచి మురిసిపోతూ చెప్పింది.

అప్పుడే లోడర్ల దగ్గర్నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. మొహానికి పెట్టుకునే ప్లాస్టిక్ తెర పనికి అడ్డం వస్తోందట, పైకి ఎత్తేసుకుంటున్నారట. నేను రిజిస్టర్లో "ఎండ వేడి వల్ల" అని రాసి మూసేశాను. ఏ పనికి అడ్డం వస్తోందని అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నా దగ్గర లేకపోయింది.

ఐదో వారంలో అమ్మ కబుర్లు తగ్గాయి. మొదట ఒక పూట గిన్నె అలాగే ఉండిపోయింది. "అల్లుడి వంట తినీ తినీ కడుపు మొరాయించిందే" అంది. రెండో రోజు పైమెట్టు మీద కూర్చోకుండా గుమ్మంలోంచే చెయ్యూపింది. మూడో రోజు పొద్దున నా కూతురు "అమ్మమ్మా, నిన్న ఎన్ని?" అని అరిస్తే జవాబు రాలేదు. దగ్గు వినబడింది. పొడిదగ్గు, ఆగకుండా.

మాస్కు పెట్టుకుని పరిగెత్తుకుంటూ పైకి వెళ్ళాను. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ఊపిరి తోడుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. వేలికి పెట్టే మిషను ఎనభై ఏడు చూపించింది.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులా! చెప్పాలా వద్దా?"

"చెబితే బండి ఆపేస్తావ్," అంది. ఆ మూడు మాటలకీ మూడుసార్లు ఆగింది.

తిట్టాలనుంది, కాళ్ళు పట్టుకుని ఏడవాలనుంది. మా ఆయన కిందనుంచి అంబులెన్సుకి ఫోను చేశాడు. అరగంట పడుతుందన్నారు. అప్పుడు టైము పదీ పది.

ఆస్పత్రికి కావలసినవి సర్దడం మొదలుపెట్టాను. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన, సబ్బు. ఆస్పత్రిలో చలి అని తన బొంత కావాలంది. పాతచీరలు నాలుగు పొరలుగా కుట్టిన బొంత అది, సంచిలో ఓ పట్టాన ఇమడదు. కుక్కి మూతి పట్టుకున్నాను. మోకాలు దానంతటదే లేచి సంచి మీద పడింది. ఒళ్ళంతా బరువేసి నొక్కాను. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో సంచి కట్టడం అంటే అదే. మోకాలేసి, మొహం మూతి దగ్గరికి వంచి, గాలంతా పోగానే మెలిపెట్టి ముడెయ్యడం.

గాలి వచ్చి మొహాన కొట్టింది. ముందు జుట్టు ఎగిరింది. కళ్ళు మూసుకున్నాను. మాస్కు పక్కలనుంచి అమ్మ తలనూనె వాసన లోపలికి వచ్చింది.

అలాగే ఉండిపోయాను. మోకాలు సంచి మీదే ఉంది.

పొగరు దించడం అంటే ఇదే. రోజుకి నూట ఎనభైసార్లు. అడ్డం వస్తుందని ప్లాస్టిక్ తెర పైకి ఎత్తేసి, ఎవరెవరో దగ్గిన మాస్కులూ గొట్టాలూ నిండిన సంచుల మీద మోకాలేసి, ఆ గాలి మొహాన కొట్టించుకుంటూ మా అమ్మ నా అరవై నాకు తెచ్చిపెట్టింది. నేను ఆర్డరు వేసి మిగతావాళ్ళకి కూడా నేర్పించాను.

పెద్దాస్పత్రి వెనకాల రెండో ట్రిప్పు లోడింగ్ పదకొండింటికి. లోడింగప్పుడు లోడర్లు ఆ దుస్తుల్లో ఫోన్లు పెట్టుకోరు, వాళ్ళకి చెప్పాలంటే మనిషి వెళ్ళాల్సిందే. ఇంటినుంచి స్కూటీ మీద ఇరవై ఐదు నిమిషాలు. ఇప్పుడు బయల్దేరితే అందుతాను. అంబులెన్సు వచ్చేదాకా ఆగితే అరవై సంచుల గాలి ఆ మనుషుల మొహాలకి కొట్టి ఉంటుంది.

బొంత సంచి మా ఆయన చేతికిచ్చాను. "నువ్వు చూసుకో. నేను వెళ్ళాలి."

"ఇప్పుడా? మతి పోయిందా నీకు?"

అమ్మ తలెత్తి చూసింది. "ఎక్కడికే?"

ఏం చెప్పను? "పనుందమ్మా" అన్నాను.

"వెళ్ళు," అంది. "బండి ఆగకూడదు."

నా తొందరంతా ట్రిప్పు ఆలస్యం కాకూడదనే అనుకుంది. మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. మూడో మెట్టు దగ్గర నా కూతురు కొంగు పట్టుకుంటే విదిలించుకున్నాను. అది బిత్తరపోయి చూసిన చూపు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

రోడ్లన్నీ ఖాళీ. దుకాణాలన్నీ మూత. రెండు చోట్ల అడ్డంగా కట్టిన తాళ్ళ దగ్గర ఆపారు, కార్డు చూపించాను, ఒకచోట కార్డు తిప్పి తిప్పి చూస్తుంటే ఆయన మీద అరిచాను. పెద్దాస్పత్రి వెనక గేటు దగ్గరికి చేరేసరికి పదకొండుకి రెండు నిమిషాలు. వాళ్ళు ముందే మొదలుపెట్టేశారు. బండి సగం నిండింది.

కళ్ళద్దాలాయన ఒక సంచి మీద మోకాలేసి ఉన్నాడు. ప్లాస్టిక్ తెర నెత్తిమీదకి జరిగిపోయింది. అద్దాలు ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి.

"ఆపండి! నొక్కకండి!"

ఆ అరుపుకి ఆవరణ అంతా ఆగింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. లేస్తూనే సంచి మూతి మెలిపెట్టి ముడేశాడు. చేతికి అలవాటైపోయింది.

"ఏమైందమ్మా?"

"ఎవరూ సంచి నొక్కొద్దు. ఇప్పట్నుంచి ఒక్కటి కూడా. ఎన్ని పడితే అన్నే వేసుకుని వెళ్ళండి."

"మరి అరవై?"

"అరవై లేదు. తీసేశాను."

ఆయన అయోమయంగా సంచి వైపు చూశాడు. "మీ అమ్మగారు నేర్పిందేనమ్మా. చూడండి, ఎంత బుద్ధిగా పడుకుందో," అని దాన్ని తట్టాడు. తట్టి, పక్కకి తిరిగి మోచేతిలోకి దగ్గాడు. పొడిదగ్గు.

"దుమ్మమ్మా," అన్నాడు. "రెండ్రోజుల్నుంచి."

అప్పుడే నా ఫోను మోగింది. మా ఆయన. "తీసుకెళ్ళిపోయారు. ఎక్కేముందు వీధి చివరిదాకా చూసింది. నీ కోసమే." నేను ఆ సంచుల మధ్యే నేల మీద కూలబడిపోయాను. అంతమంది ముందు ఏడ్చాను, సిగ్గేమీ అనిపించలేదు. తర్వాత లేచి కళ్ళద్దాలాయన్ని బండి ఎక్కనివ్వకుండా అదే ఆస్పత్రి ముందు గేటుకి తీసుకెళ్ళి లైన్లో నిలబెట్టాను. ఆయన చివరిదాకా దుమ్మేనంటూ వచ్చాడు.

ఆ ట్రిప్పులో నలభై ఏడు సంచులు వెళ్ళాయి. సాయంత్రానికి మూడు ఆస్పత్రుల్లో సంచులు మిగిలిపోయాయి. పెద్దసారు గొంతు వరండా దాకా వినబడింది.

"ఎవర్నడిగి తీసేశావ్? పక్క ఊళ్ళన్నీ మనల్ని చూసి నేర్చుకుంటున్నాయి!"

నేను బొంత సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు కాగితాల బరువురాయిని అటూ ఇటూ జరిపారు. తర్వాత మెల్లగా అన్నారు, "సరే. లోడర్లు జాగ్రత్తలు పాటించలేదని రిపోర్టు రాసెయ్యి. తొమ్మిదో సూచన గోడ మీదే ఉందిగా."

"దాని పక్కన నా ఆర్డరు కూడా ఉంది సార్."

"అది చింపెయ్యొచ్చు."

"మా అమ్మ అక్కడ ఊపిరి అందక పడుంది సార్. తప్పు కూడా ఆమెదే అని రాయమంటారా?"

నేను రిపోర్టు రాశాను. బండికి అరవై అన్న అంకె నాది, ఆ అంకె సంచులు నొక్కితే తప్ప కుదరదు, నేర్పించమని ఆర్డరు ఇచ్చింది నేను అని మూడు వాక్యాలు. ఆర్డరు కాపీ దానికి గుచ్చి ఇచ్చాను. పెద్దసారు తీసుకుని సొరుగులో పెట్టుకున్నారు. పైకి పంపారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

సంచులు మాత్రం ఆగవు కదా. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఒక్కో వార్డు వెనక గుమ్మం దగ్గర నిలబడి చూశాను. చూడాల్సింది మొదటి రోజే. నీళ్ళ సీసాలు, టిఫిను పొట్లాలు, గ్లౌజులొచ్చిన అట్టపెట్టెలు, అన్నీ పసుపు సంచిలోనే వేస్తున్నారు. రోగి దాకా వెళ్ళనిది కూడా. నర్సులని బతిమాలాను, ఆయాలతో పోట్లాడాను, గుమ్మం బయట వేరే డబ్బాలు పెట్టించాను. ఐదు వందల ఇరవై కాస్తా నాలుగు వందలకి దిగింది. సంచి ముప్పావు నిండగానే వార్డులోనే మూతి కట్టెయ్యాలన్నాం, పొద్దున్నే ఐదింటికి నాలుగో ట్రిప్పు కలిపాం. బండికి నలభై చొప్పున సరిపోయింది. మొదటే చేసుంటే మొదటే సరిపోయేది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కళ్ళద్దాలాయన పన్నెండో రోజు పోయాడు. వార్త ఆఫీసుకే వచ్చింది. నేను వాళ్ళ వీధికి వెళ్ళి చివర నిలబడి వచ్చేశాను. గుమ్మం దాకా వెళ్ళలేదు. వెళ్ళింది నెల తర్వాత.

అమ్మ ఇరవై మూడు రోజులకి ఇంటికొచ్చింది. మనిషి సగమైపోయింది. ఇంకో పదిహేను రోజులు వేరుగానే ఉండాలన్నారు కాబట్టి మళ్ళీ మేడమీద గదే. ఎక్కేటప్పుడు నాలుగు చోట్ల కూర్చుంది. రెండో రోజు సాయంత్రం పైమెట్టు మీదకి వచ్చింది. నేను ఒక్కదాన్నే కింద ఉన్నాను.

"ఇప్పుడు బండికి ఎన్ని?"

"నలభై."

"నలభయ్యా!" కళ్ళు మెరిశాయి. ఎన్నాళ్ళకో ఆ మొహంలో నవ్వు చూశాను. "చూశావా? నేను లేకపోతే అంతే!"

అవునమ్మా, నువ్వు లేకపోతే అంతే అనేస్తే అక్కడితో అయిపోయేది. మాట పెదాల దాకా వచ్చింది. కానీ ఒళ్ళు కాస్త కుదుటపడగానే ఆమె మళ్ళీ బండెక్కుతుంది. ఎక్కి ఇంకొకరికి నేర్పిస్తుంది.

"సంచులు నొక్కకూడదని రూలు పెట్టామమ్మా. ఆ గాలి మొహాన కొడుతుందని."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"నిన్ను తీసుకెళ్ళిన రోజు. నీ బొంత సర్దుతుంటే గాలి నా మొహాన కొట్టింది. అందుకే వెళ్ళిపోయాను. నిన్ను వదిలేసి."

నవ్వు మెల్లగా పోయింది. తన మోకాళ్ళ వైపు చూసుకుంది.

"కళ్ళద్దాలాయన పక్క వార్డులోనే ఉండేవాడు," అంది. "పోయిన రోజు నర్సు చెప్పింది. నేనే నేర్పించా ఆయనకి."

"ఆర్డరు వేసింది నేనమ్మా."

"మొదట అరవై తెచ్చింది నేను."

"ఎలా తెచ్చావని అడగంది నేను."

"నువ్వెందుకడుగుతావే, నన్ను చూస్తూ పెరిగినదానివి," అని లేచింది. గోడ పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. గిన్నె ఆ పూట మెట్ల మధ్యలోనే ఉండిపోయింది.

మళ్ళీ ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. రోజులు గడిచాయి. మొదటి వాన పడింది. గడువు తీరిన ఆదివారం పొద్దున, కిందికి వచ్చెయ్యమని మేం ముగ్గురం పైకి వెళ్ళాం. చీరలు మా ఆయన తీసుకున్నాడు, గిన్నెలు నా కూతురు. బొంతని నేను సర్దబోతే అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వుండు. నాది నేను కట్టుకుంటా."

బొంతని సంచిలోకి కూరింది. మూతి రెండు చేతులా పట్టుకుంది. మోకాలు లేచింది. లేచి, సంచికి జానెడు దూరంలో ఆగిపోయింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమె నా వైపు చూడలేదు. కాసేపలాగే ఉండి, మోకాలు దించేసింది. ఉబ్బిన సంచికి ఉబ్బినట్టే ముడేసి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదివి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది.

"అబ్బో, ఎంత మూటో!" అంది నా కూతురు కిందనుంచి. "ఏముంది అమ్మమ్మా అందులో?"

"బొంతేనే. గాలి ఉంది," అంది అమ్మ. "ఉండనీలే."